బాతు పిల్ల గుడ్డులోంచి బయటపడే వేళ మనం ఎలా సాయపడాలి?

"గుడ్డుకు చిల్లు పడి ఆరు గంటలైనా పిల్ల రాలేదండీ, పాపం అని పెంకు వలిచాను, నెత్తురు కారి చచ్చిపోయింది." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆరు గంటలంటే బాతు పిల్లకు అసలు ఆలస్యమే కాదు.

కావలసినవి కొద్దే. ఇంక్యుబేటర్ (గుడ్లు పొదిగే యంత్రం), థర్మామీటర్, తేమ కొలిచే మీటర్, చిన్న టార్చి, పెన్సిల్, దూది చుట్టిన పుల్లలు, కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లు. పట్టకారు ముట్టుకోవద్దు. గోటికి తెలిసినంత సున్నితం ఇనుముకు తెలియదు.

మామూలు బాతు గుడ్లు 28 రోజులకు, మస్కోవీ బాతు గుడ్లు దాదాపు 35 రోజులకు పిల్లలవుతాయి. చివరి మూడు రోజులు మిగిలాయనగా గుడ్లు తిప్పడం మానేయండి. ఫ్యాన్ ఉన్న యంత్రమైతే వేడి 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, తేమను 70 శాతం దాటించండి. గాలి రంధ్రాలు మూయకండి. గుడ్ల కింద గరుకు బట్ట పరవండి, నున్నటి నేలపై పిల్లల కాళ్లు జారి పక్కలకు విడిపోతాయి.

తర్వాత టార్చి వెలుగులో చూసి, గుడ్డు వెడల్పు కొసన ఉన్న గాలి గది అంచును పెన్సిల్‌తో గీయండి. ఆ గదిలో ముక్కు నీడ కదిలితే పిల్ల లోపలి పొరను చీల్చుకుని ఊపిరి మొదలుపెట్టినట్టే. బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి గుడ్లను నీళ్లలో తేలవేసే పద్ధతి నాకు బొత్తిగా నచ్చదు. కంటికి కనిపించని నెర్రె ఉంటే నీరు లోపలికి చేరి, బతికున్న పిల్ల మునిగిపోతుంది. టార్చి ఉండగా ఆ ప్రమాదం ఎందుకు?

ఇక ఓపిక పట్టవలసిన ఘట్టం. ముక్కు గాలి గదిలోకి వచ్చాక పెంకు మీద మొదటి నెర్రె కనిపించడానికి ఒక రోజో, రెండు రోజులో పడుతుంది. నెర్రె పడ్డాక పిల్ల బయటికి రావడానికి మరో 24 నుంచి 48 గంటలు పట్టవచ్చు. ఆ సమయమంతా అది ఊరికే పడుకోలేదు. ఇన్నాళ్లూ పెంకు లోపలి పొరలోని రక్తనాళాలే దానికి ఊపిరి. ఊపిరితిత్తులు పని అందుకున్నాక ఆ పొరలోని నెత్తురు మెల్లగా పిల్ల ఒంటిలోకి చేరాలి. మిగిలిన పచ్చసొన బొడ్డు గుండా కడుపులోకి వెళ్లాలి. ఇవి పూర్తి కాకుండా మీరు పొర చింపితే, నరం తెంపినట్టే. పిల్ల నోరు తెరుస్తూ మూస్తూ నములుతున్నట్టు కనిపిస్తే ఇంకా పని జరుగుతోందని అర్థం. మూత వేసి వచ్చేయండి.

మొదటి నెర్రె కనిపించిన వేళను కాగితంపై రాసి పెట్టుకోండి. జ్ఞాపకాన్ని నమ్మకండి, ఆత్రం గంటలను సాగదీస్తుంది. 24 గంటలు దాటినా చిల్లు పెద్దది కాకపోతే అప్పుడు గుడ్డును చేతిలోకి తీసుకుని చూడండి. పొర తెల్లగా, తడిగా ఉండి పిల్ల కూస్తుంటే మళ్లీ పెట్టేయండి. పొర గోధుమ రంగుకు తిరిగి, ఎండిన కాగితంలా పిల్లకు అతుక్కుపోయినా, పిల్ల సగం పెంకు చుట్టూ కోసుకుని గంటల తరబడి ఆగిపోయినా సాయం కావాలి. గుడ్డు సన్నని కొసన చిల్లు పడితే ఆ గుడ్డును మరింత కనిపెట్టుకుని ఉండండి. అలాంటివీ కొన్ని సొంతంగానే వస్తాయి.

చేతులు కడుక్కుని, గదిలో తిరిగే ఫ్యాన్ ఆపి కూర్చోండి. చిల్లు చుట్టూ, గీసిన గీతకు ఇవతల గాలి గది మీది పెంకును మాత్రమే గింజంత ముక్కలుగా తీయండి. పుల్లను నీటిలో ముంచి, పిండి, పొర మీద అద్దండి. ముక్కు రంధ్రాల దగ్గరికి తడి పోనివ్వకండి. తడిసిన పొర పలచబడి లోపలిది కనిపిస్తుంది. ఎర్రటి గీతలు కనిపించాయా, అక్కడితో ఆపండి. నెత్తురు చుక్క వస్తే శుభ్రమైన దూదితో మెల్లగా అదిమి, ఆగాక గుడ్డును ఇంక్యుబేటర్‌లో పెట్టి కొన్ని గంటలు వదిలేయండి. నాళాలు కనబడకుండా పోయాకే వెడల్పు కొసను టోపీలా తీసి తల విడిపించండి. మిగతా ఒళ్లు అదే తన్నుకుని రావాలి. వెనుక భాగాన్ని లాగితే, లోపలికి పోని పచ్చసొన చిట్లి పిల్ల దక్కదు. బొడ్డుకు వేలాడే పోగునూ తెంపకండి, అది ఎండి రాలిపోతుంది.

వచ్చిన పిల్లను ఒళ్లు ఆరి బొచ్చు విచ్చుకునే దాకా లోపలే ఉంచండి. ఒక రోజు మేత లేకున్నా కడుపులోని పచ్చసొన సరిపోతుంది. పిల్లను బయటికి తీయాలని మాటిమాటికి మూత తెరిస్తే తేమ పోయి, పక్క గుడ్లలోని పిల్లల మీద పొర ఎండుతుంది. ఆ తర్వాత మొదటి వారం 32 డిగ్రీల వెచ్చదనం చాలు. నీళ్ల పళ్లెంలో ముక్కు మునగాలి కానీ ఒళ్లు మునగకూడదు, అందుకు అడుగున గులకరాళ్లు వేయండి.