బట్టలకు ఇంట్లోనే రంగు వేసేటప్పుడు రసాయనాలతో జాగ్రత్తపడడం ఎలా?

చేతికంటిన రంగు కనిపిస్తుంది కాబట్టి వెంటనే కడిగేస్తాం. ముక్కులోకి పోయిన పొడి కనిపించదు. అసలు భయపడాల్సింది దానికే. నూలు బట్టలకు వాడే రియాక్టివ్ రంగుల పొడి పీల్చితే కొందరికి అలర్జీ మొదలవుతుంది. ఒకసారి మొదలైతే, ఆ తర్వాత కాస్త పొడి లేచినా ఆయాసం రావచ్చు.

ముందు కొనేటప్పుడే లేబుల్ చూడండి. పేరూ హెచ్చరికలూ లేని పొట్లం ఎంత చవకైనా వద్దు. కృత్రిమ రంగుల్లో ఒక రకమైన అజో రంగుల్లో కొన్ని విడిపోయి బెంజిడిన్ లాంటి క్యాన్సర్ కారకాలను వదులుతాయి. ఒంటికి తగిలే బట్టల్లో అలాంటి రంగులు వాడకూడదని యూరోపియన్ యూనియన్ 2002లోనే నిబంధన తెచ్చింది.

ఇక పొడి కలపడం. ఉక్కపోసినా సరే, ఫ్యాన్ ఆపేయండి. బల్ల మీద తడిపిన పాత పేపరు పరిచి, ఎన్-95 మాస్కు, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. జేబురుమాలు కట్టుకుంటే చాలదు. కావలసినంత పొడి మెల్లగా తీసి, డబ్బా మూత వెంటనే బిగించండి. కొద్ది నీళ్లు పోసి ముద్దగా కలిపితే ఇక పొడి లేవదు. మిగతా నీళ్లు ఆ తర్వాతే.

కాస్టిక్ సోడా వాడాల్సివస్తే చన్నీళ్లలో సోడాను కొంచెం కొంచెంగా వేయండి. సోడా మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా వేడెక్కి మీదకు చిమ్ముతుంది. హైడ్రోస్ (కొన్ని రంగులను కరిగించడానికి వాడే సోడియం హైడ్రోసల్ఫైట్ పొడి) డబ్బాకు తడి తగలనివ్వకండి, అది వేడెక్కి అంటుకోగలదు. బ్లీచ్‌లో వెనిగర్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. ఆ రెండూ ఒకే బకెట్‌లో పడకూడదు.

"మావి ఆకులూ బెరళ్లతో చేసే రంగులే కదా" అంటారు కొందరు. ఆకుతో పేచీ లేదు, రంగు పట్టడానికి వేసేదానితోనే. పటికతో పని జరిగితే అక్కడితో ఆగండి. మైలుతుత్తం విషం, కాలువలో కలిస్తే చేపలకూ ముప్పే. పొటాషియం డైక్రోమేట్ క్యాన్సర్ కారకం, ఇంట్లోకి రానివ్వకండి. పాత పుస్తకాల్లో ఉందని వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు!

గిన్నెలు, చెంచాలు దీనికే వేరుగా ఉంచండి. ఎంత తోమినా వాటిని మళ్లీ వంటకు వాడకండి. ఒలికిన పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. కంట్లో ఏదైనా పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ డబ్బా కూడా పట్టుకెళ్లండి.