గోదావరి డెల్టాలో పూర్వీకుల జాడ తీయడం ఎలా?

ఈ పని ఇంట్లోనే మొదలవ్వాలి. ఇంటిపేరు, గోత్రం, స్వగ్రామం, తద్దినం పెట్టే తిథి పెద్దవారిని అడిగి రాసుకోవాలి. ముత్తాత ఏ సంవత్సరంలో పోయారో ఎవరికీ గుర్తులేకపోయినా, ఏటా ఆబ్దికం పెట్టే ఇంట్లో మాసమూ తిథీ మాత్రం మరపున పడవు. పుట్టిన ఏడాది, అరవై ఏళ్లకోసారి వచ్చే తెలుగు సంవత్సరాల్లో ఒకటైన రక్తాక్షి అని చెబితే అది 1864-65 కావచ్చు, 1924-25 కావచ్చు. ఆయన పిల్లల వయసును బట్టి ఏదో తేలుతుంది.

తరువాత జిల్లా సంగతి చూసుకోవాలి. నరసాపురం, భీమవరం, తణుకు తాలూకాలు 1859 నుంచి గోదావరి జిల్లాలో ఉండి, 1904లో కృష్ణా జిల్లాకు మారి, 1925లో పశ్చిమ గోదావరిలోకి వచ్చాయి. అందువల్ల ఊరు కదలని మనిషి కూడా కాగితాల్లో మూడు జిల్లాల వాడుగా కనిపిస్తాడు. అమలాపురం వైపు వారికి 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లా పేరు పాత దస్తావేజుల్లో దొరకదు.

అసలు సమాచారమంతా దస్తావేజుల్లో ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల జాబితా) సాధారణంగా 1983 నుంచే వస్తుంది కాబట్టి, అంతకు ముందువాటి కోసం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఊరు, పేర్లు, అంచనా సంవత్సరాలు రాసి దరఖాస్తు పెట్టి, పాత సూచికల్లో వెతికించి, నకలు తీసుకోవాలి. ముందుగా వెతకవలసినది భాగపంపకాల దస్తావేజు. అన్నదమ్ములు, చనిపోయిన అన్న కొడుకులు, వితంతువుకు రాసిన మనోవర్తి (పోషణ ఖర్చు), అన్నీ ఒకేచోట బయటపడతాయి. చివరి పేజీని తొందరపడి తిప్పేయకూడదు. చదువురాని వారి నిశానీ (వేలిముద్ర లేదా గుర్తు), సాక్షుల సంతకాలు, దస్తావేజు రాసినవారి పేరు అక్కడే ఉంటాయి, ఆ సాక్షుల్లో బావమరిదో వియ్యంకుడో ఉండడం మామూలే. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒకే ఊళ్లో ఒకే పేరున్నవారు ఇద్దరు ముగ్గురు ఎదురవుతారు. అప్పుడు తండ్రి పేరు, సర్వే నంబరు, హద్దులు మూడూ కలిస్తేనే మనవాడని నమ్మాలి. తూర్పున ఫలానా వారి చేను, పడమర పంటకాలువ అని రాసిన హద్దులు ఇరవై ఏళ్ల తరువాతి పత్రంలోనూ సరిపోతే అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

రెవెన్యూ లెక్కల్లో ఏడాది ఫసలీలో, అంటే జులై నుంచి జూన్ వరకు సాగే రెవెన్యూ సంవత్సరంలో, ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన సంవత్సరం వస్తుంది. 1330 ఫసలీ అంటే 1920 జులై నుంచి 1921 జూన్ వరకు. 1984లో కరణాల (గ్రామ లెక్కలు రాసేవారి) వ్యవస్థ రద్దయ్యాక గ్రామ లెక్కలు ప్రభుత్వ కార్యాలయాలకు చేరాయి, కానీ తుపాన్లూ వరదలూ చెదలూ తినగా మిగిలినవే ఇప్పుడు దొరుకుతాయి. 1948 చట్టంతో జమీందారీ రద్దుకాక ముందు జమీందారీ గ్రామంగా ఉన్న ఊరైతే, రైతు పేరు సర్కారు లెక్కల్లో కాక ఎస్టేటు పట్టాల్లో ఉండవచ్చు.

ఆడవారి జాడ తీయడం కష్టం, ఎందుకంటే భూమి కాగితాల్లో వారి పేర్లు అరుదు. పసుపు కుంకుమ కింద పుట్టింటివారు రాసి ఇచ్చిన పొలం ఉంటే ఆ పత్రంలో తండ్రి, భర్త ఇద్దరి పేర్లూ దొరుకుతాయి. పెళ్లి యానాంలో జరిగిందని ఇంట్లో చెప్పుకుంటే అదీ ఒక ఆధారమే: 1930 ఏప్రిల్ 1న శారదా చట్టం అమల్లోకి వచ్చి ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండాలని నిబంధన పెట్టాక, ఎందరో ఫ్రెంచి పాలనలోని యానాం వెళ్లి బాల్యవివాహాలు జరిపించారు. కాబట్టి పెళ్లి ఆ తేదీ తరువాతది అయివుండవచ్చని, వధువుకు 14 నిండి ఉండకపోవచ్చని లెక్కవేసి, ఆమె పుట్టిన సంవత్సరాన్ని అంచనా కట్టవచ్చు.

రెండు కాగితాలు పొసగనప్పుడు సంఘటనకు దగ్గరి కాలంలో రాసినదానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. బడి రిజిస్టరులో పుట్టినరోజు జులై 1 అని ఉంటే అది పంతులుగారు బడిలో చేర్చుకునేటప్పుడు ఉజ్జాయింపుగా వేసిన తేదీ కావచ్చు. మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో జనన నమోదు దొరికితే దాన్నే తీసుకోవాలి.