మళ్లీ మహమ్మారి వస్తే: ఇంట్లో వయసొచ్చిన పిల్లల మనసు గురించి ముందుజాగ్రత్తలు

ఊరంతా తలుపులేసుకుని కూర్చునే రోజులు మళ్లీ వస్తే, ఆక్సీమీటరు, పారాసిటమాల్ ఉన్నాయో లేదో ముందు చూసుకుంటాం. పద్దెనిమిది నుంచి పాతికేళ్ల పిల్లలున్న ఇంట్లో అంతే ముందుగా చూసుకోవాల్సింది వాళ్ల మనసు. కరోనా మొదటి ఏడాదిలో ప్రపంచమంతటా ఆందోళన, డిప్రెషన్ సుమారు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. ఎక్కువ దెబ్బతిన్నది యువత, ఆడవాళ్లు.

అందరికీ ముప్పు ఒకేలా ఉండదు. ఇంతకుముందే మానసిక వైద్యం తీసుకుంటున్నవాళ్లు, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు, నాన్న సంపాదన ఆగిపోయినవాళ్లు, తిట్లూ దెబ్బలూ ఉన్న ఇంట్లో చిక్కుకున్నవాళ్లు, గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ బెంజిసర్కిల్ దగ్గరో రూములో ఒంటరిగా మిగిలినవాళ్లు: వీళ్ల మీద ముందు కన్నుండాలి. పరీక్షల అనిశ్చితిని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. 2021లో మన ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ పరీక్షలు జూన్ నెలాఖరులో రద్దయ్యేదాకా, ఉంటాయో ఉండవో తెలియక పిల్లలు ఎంత నలిగిపోయారో చూశాం కదా.

మందులు వాడేవాళ్లు కనీసం నెలకు సరిపడా డాక్టరు చీటీతో తెచ్చి ఉంచుకోండి. బాగానే ఉందని సొంతంగా ఆపెయ్యొద్దు, ఒక్కసారిగా ఆపితే ఇబ్బంది ముదురుతుంది. ఆసుపత్రికి వెళ్లలేకపోతే ఫోన్లోనే డాక్టరుతో మాట్లాడొచ్చు.

అన్నిటికన్నా ముందు గాడి తప్పేది నిద్ర. రాత్రంతా ఫోను, మధ్యాహ్నం లేవడం మొదలైతే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. పడుకునే వేళ మీద గొడవపడకండి, లేచే వేళ ఒకటే ఉండేలా చూడండి. లేవగానే డాబా మీద కాసేపు ఎండలో నడిస్తే చాలు. మరణాల వార్తలు ఇంట్లో టీవీలో రోజంతా మోగనివ్వొద్దు. మందు, గంజాయి వైపు చెయ్యి వెళుతోందేమో గమనించండి.

జబ్బు తగ్గాక కూడా కొందరికి వారాల తరబడి నీరసం, మతిమరుపు ఉంటాయి. దాన్ని బద్ధకం అనకండి. "మా రోజుల్లో ఇంతకన్నా కష్టాలు పడ్డాం" అన్న మాట అసలే వద్దు, ఆ మాటతో పిల్లలు నోరు మూసుకుంటారు. రెండు వారాలకు పైగా దిగులు తగ్గకపోతే, తిండి, స్నానం, స్నేహితులు అన్నీ వదిలేస్తుంటే డాక్టరుకు చూపించాలి.

"బతకాలని లేదు" అన్నమాట వింటే భయపడి మాట మార్చకండి. పక్కన కూర్చుని, "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, లోపలి భారం బయటికొస్తుంది. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. గుంటూరు చుట్టుపక్కల మిర్చి, పత్తి వేసే ఇళ్లకు ఒక్క మాట ప్రాధేయపడి చెబుతున్నాను: పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచొద్దు. వేరేచోట పెట్టి తాళం వేసి, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే ఉంచుకోండి. ఈ పని ప్రాణాలు నిలబెడుతుంది.

మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇవాళే మీ ఫోన్లో, పిల్లల ఫోన్లో సేవ్ చేయండి. ప్రాణాపాయం అనిపిస్తే మాత్రం ఫోనుతో సరిపెట్టుకోవద్దు, దగ్గర్లోని పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెంటనే తీసుకెళ్లండి.