ఉప్పునీటి ట్యాంకు, నాలుగో పాఠం: తిండికి మొండికేసే చేపలు

మూడో పాఠం పూర్తి చేసినవాళ్ల ట్యాంకులో ఈపాటికి నీటి సాంద్రత 1.025 దగ్గర నిలిచి ఉంటుంది. రాళ్ల మీద ఊదారంగు పొర పాకుతుంటుంది. రెండు క్లౌన్ చేపలు పెల్లెట్ల కోసం ఎగబడుతుంటాయి. క్లౌన్లు ఏది వేసినా తింటాయి, వాటి గురించి ఇక చెప్పడానికేమీ లేదు. ఇవాళ్టి పాఠం కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై గురించి, మాండరిన్ గురించి. షాపులో చూడగానే మనసు పారేసుకునే చేపలివి. ఇంటికి తెచ్చాక మాత్రం నోరు తెరవవు.

నా మొదటి కాపర్‌బ్యాండ్ మూడు వారాల్లో పోయింది. దానికి తిండి తక్కువ చేయలేదు, రోజూ రెండు పూటలా రొయ్య ముక్కలు వేశాను. అది ముక్క దగ్గరికొచ్చి ఆగేది. ఒక కంటితో చూసేది, కాస్త పక్కకి తిరిగి రెండో కంటితో చూసేది, ఆ తర్వాతే మూతి ముందుకు పెట్టేది. ఈలోపు డ్యామ్సెల్ చేప ఎక్కణ్నుంచో దూసుకొచ్చి ముక్క లాక్కుపోయేది. తిండి నచ్చలేదేమో అనుకుని నేను రోజుకో రకం మార్చాను. కానీ దానికి కావలసింది ఆ రెండు మూడు సెకన్ల వ్యవధి. ఈ పాఠమంతా ఆ వ్యవధిని ఎలా ఇవ్వాలన్నదే.

ముందు చేప మూతి చూడండి. కాపర్‌బ్యాండ్ మూతి సన్నగా, పొడుగ్గా పట్టకారులా ఉంటుంది. సముద్రంలో అది రాళ్ల సందుల్లోంచి చిన్న పురుగుల్ని లాక్కుని తింటుంది. పైనుంచి తేలుతూ వచ్చే ముక్క తిండేనని దానికి తోచదు. అందుకే తిండిని సందులో పెట్టి ఇవ్వాలి.

దీనికో ఖాళీ ఆల్చిప్ప చాలు. సూర్యలంక బీచ్‌లోనో వైజాగ్‌లోనో ఏరుకొచ్చింది ఇంట్లో ఉంటే, బాగా ఉడకబెట్టి కడిగి వాడండి. హైదరాబాద్ రామ్‌నగర్ చేపల మార్కెట్లో పచ్చి రొయ్యలు కొనండి. ప్యాకెట్లో ఒలిచి అమ్మే ఫ్రోజెన్ రొయ్యలు వద్దు. నీరు పట్టి ఉండటానికి వాటికి తరచూ ఫాస్ఫేట్ కలుపుతారు, అది ట్యాంకులో నాచు పెంచుతుంది. పెంకు తీసి, ఆర్‌ఓ నీళ్లతో కడిగి, పచ్చడికి దంచినట్టు మెత్తగా కాకుండా కాస్త బరకగా కొట్టండి. దాన్ని ఆల్చిప్ప లోపల పలచగా అదిమి, గంటసేపు ఫ్రీజర్లో పెట్టండి. గట్టిపడ్డాక రాళ్ల మధ్య నిలబెట్టండి. ముద్ద కరిగేకొద్దీ పోగులు సన్నగా కదులుతుంటాయి. ఆ కదలికకే కాపర్‌బ్యాండ్ దగ్గరికొస్తుంది. మొదటి రోజు పొడిచి వదిలేసినా టెన్షన్ పడకండి, పొడిచిందంటే తిండిగా గుర్తుపట్టినట్టే. గంట దాటాక మిగిలింది తప్పకుండా తీసేయాలి.

వడ్డన వరుస కూడా ముఖ్యమే. క్లౌన్లకు ట్యాంకు ఒక చివర పెల్లెట్లు వేసి, అవి అక్కడ పనిలో పడ్డాక రెండో చివర ఆల్చిప్ప దించండి. కొత్త చేపను మొదటి వారం పది రోజులు ట్యాంకులోనే, రంధ్రాలున్న పారదర్శక అక్రిలిక్ పెట్టెలో ఉంచితే ఇంకా మంచిది. తన తిండి తాను తీరిగ్గా తింటుంది, బయటివాళ్లూ దానికి అలవాటు పడతారు. నాలుగు వందల లీటర్లకు తక్కువ ట్యాంకులో దీన్ని పెట్టొద్దు. ఒక ట్యాంకుకు ఒక్కటే. డ్యామ్సెల్ చేపలు, ట్రిగ్గర్ చేపలు ఉన్నచోట అసలే వద్దు. ట్యాంకులో పాతుకుపోయిన పెద్ద టాంగ్ చేప ఉన్నా నేనైతే తేను.

కొనేటప్పుడు మొహమాటపడొద్దు. బాకారం షాపుల్లో "అన్నా, ఒకసారి తిండి వేసి చూపిస్తావా?" అని అడగండి. మీ కళ్ల ముందు తినని చేపను, ధర ఎంత తగ్గించినా తీసుకోకండి. మూతి కొన ఎర్రగా కమిలి ఉన్నా వదిలేయండి.

ఇక మాండరిన్. చాలా చేపల్లో నీలం వెలుతురు చేసే మాయ, దీని ఒంటి మీది నీలం మాత్రం నిజమైన రంగు పదార్థం. దీనికి ఆల్చిప్ప కిటుకు పనిచేయదు. పొద్దంతా రాళ్ల మీద మెల్లగా తిరుగుతూ, కోపిపాడ్లనే సూదిమొనంత జీవుల్ని ఒక్కొక్కటిగా ఏరుకుని తింటుంది. మీరు రెండు పూటలా వేసే తిండితో దాని కడుపు నిండదు. రోజంతా తినడానికి ట్యాంకులోనే ఏదో ఒకటి ఉండాలి.

ఉందో లేదో తెలుసుకోవడానికి, లైట్లు ఆర్పిన రెండు గంటల తర్వాత టార్చి వెలుగు అద్దం మీద పక్కవాటుగా వేయండి. తెల్లటి చుక్కలు కుదుపుతో పాకుతూ, ఆగి మళ్లీ కదులుతూ కనిపిస్తే అవే కోపిపాడ్లు. అరచేతి మేర అద్దంలో నాలుగైదు కూడా లేకపోతే మాండరిన్‌కి మీ ట్యాంకు ఇంకా సిద్ధం కాలేదు. నా లెక్కలో ట్యాంకుకి కనీసం ఏడాది నిండాలి. సిక్స్‌లైన్ వ్రాస్ అనే చేప ఉంటే మాండరిన్ ఆశ వదులుకోండి. రెండింటికీ తిండి అవే కోపిపాడ్లు, వ్రాస్ వేగం ముందు మాండరిన్ నిలవలేదు. మగ మాండరిన్లు రెండుంటే కొట్టుకుంటాయి.

తోడుగా ఆర్టీమియా, అంటే బుల్లి ఉప్పునీటి రొయ్యల్లాంటి జీవుల గుడ్లు పొదిగించుకోవచ్చు. లీటరు నీటిలో 25 గ్రాముల ఉప్పు, పావు టీస్పూను గుడ్లు, అడుగు నుంచి గాలి బుడగలు. 28 డిగ్రీల దగ్గర ఒక రోజులో పిల్లలొస్తాయి. మన ఊళ్లో చలికాలం తప్ప హీటరు అక్కర్లేదు. గాలి ఆపి, సీసా అడుగున టార్చి పెడితే నారింజరంగు పిల్లలు వెలుతురుకి చేరతాయి, ఖాళీ గుల్లలు పైకి తేలతాయి. అడుగు నీటిని సన్నటి బట్టలో వడకట్టి, మెడికల్ షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజికి గాలి గొట్టం తగిలించి, చేప మూతి దగ్గర వదలండి. పుట్టిన కొద్ది గంటల్లోపే పెట్టేయండి, ఆలస్యమైతే వాటిలోని సారం తగ్గిపోతుంది.

సముద్రపు గుర్రాల మీద ఆశ ఉన్నవాళ్లకి ఒక్క మాట: 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. ఎవరైనా అమ్మజూపినా కొనొద్దు.

ఈ వారం పని: కొత్త చేపలేవీ తేకుండా, మూడు రాత్రులు టార్చితో అద్దం చూసి చుక్కలు లెక్కపెట్టి రాసుకోండి. ఉన్న చేపల్లో తిండికి ఎవరు ముందు వస్తున్నారు, ఎవరు వెనక ఆగుతున్నారు అన్నది కూడా రాయండి. ఐదో పాఠంలో కోపిపాడ్లను విడిగా బకెట్లో పెంచడం నేర్చుకుందాం. అప్పుడు ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.