పుస్తకాలకు మళ్లీ మళ్లీ పట్టే బూజు: నా అనుభవం

కింది అరలోని అట్టల మీద తెల్లబూజు. తుడిచిన పది రోజులకే మళ్లీ వచ్చేది. అసలు కారణం బీరువా వెనక గోడ చెమ్మ. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు పెరుగుతుంది.

బీరువాను గోడకు 10 సెంటీమీటర్లు ఎడంగా జరిపి, కాళ్ల కింద ఇటుకలు పెట్టాను. పుస్తకాలను విసనకర్రలా విప్పి నిలబెట్టి, నీడలో, గాలి తగిలేచోట రెండు రోజులు ఆరబెట్టాను. ఎండలో మాత్రం వద్దు: కాగితం పసుపెక్కి పెళుసవుతుంది, అట్ట వంగిపోతుంది. పూర్తిగా ఆరాకే, ఆరుబయట, మాస్కు పెట్టుకుని మెత్తటి బ్రష్షుతో దులపాలి. తడి మీద రుద్దితే మరక కాగితంలోకి దిగిపోతుంది. తడిగుడ్డ మరీ చేటు. కలరా ఉండలు పురుగులకే, బూజును ఆపవు. తిరిగి సర్దేటప్పుడు పుస్తకాలను బిగించకుండా, వెనక గాలి ఆడేలా కాస్త ముందుకు పెట్టాను.