మృగశిర రాకముందే నెగటివ్‌ల పెట్టె తెరవండి

రోహిణి కార్తె ఎండలు ఉండగానే, అంటే జూన్ మొదటి వారం లోపే, ఇంట్లో ఉన్న పాత ఫిల్మ్ నెగటివ్‌లను ఒకసారి బయటికి తీసి చూసుకోవాలి. తొలకరి పడ్డాక గాలిలో తేమ ఒక్కసారిగా పెరుగుతుంది. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి ఊళ్లలో అది దీపావళి దాటినా ఓ పట్టాన తగ్గదు. తేమ 65 శాతం దాటి కొన్నాళ్లు అలాగే ఉంటే నెగటివ్ మీద బూజు పడుతుంది. ఫిల్మ్ మీద బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో. ఆ జెలటిన్‌ను పశువుల ఎముకలు, చర్మం నుంచి తీస్తారు కాబట్టి బూజుకు అది తిండే. తిన్నంత మేర బొమ్మ పోయినట్టే, మళ్లీ రాదు.

ఎండాకాలంలో పెట్టె తెరవడంలో ఇంకో చిక్కుంది. గాలి బాగా పొడిగా ఉన్నప్పుడు ఫిల్మ్‌కు స్టాటిక్, అంటే రాపిడి వల్ల చేరే విద్యుత్, పుడుతుంది, చుట్టూ తేలుతున్న దుమ్మంతా వచ్చి దానికే అంటుకుంటుంది. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లోనో నిజామాబాద్‌లోనో ఈ పని పెట్టుకుంటే దుమ్ము దులుపుతున్నకొద్దీ పెరుగుతుంది. అందుకే ఈ పనికి తెల్లవారుజాము, ఉదయం తొమ్మిది లోపు సమయం మంచిది. అప్పుడు గది కాస్త చల్లగా, గాలి కాస్త తేమగా ఉంటుంది. కొన్ని వందల రూపాయలకు తేమ చూపించే చిన్న డిజిటల్ మీటర్ దొరుకుతుంది, ఒకటి కొని పెట్టుకోండి. పని చేసేటప్పుడు గదిలో 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే హాయి. అంతకంటే బాగా తక్కువుంటే గదిలో ఒక మూల తడి తువ్వాలు ఆరేసి గంటసేపు ఆగండి.

అన్నిటికంటే ముందు ఒక మాట. నెగటివ్‌లను దుమ్ము కంటే తుడిచే చెయ్యే ఎక్కువగా పాడు చేస్తుంది. దుమ్ము రేణువు దానంతటది ఊరికే కూర్చుని ఉంటుంది. దాని మీద గుడ్డ పెట్టి రుద్దినప్పుడే గీత పడుతుంది. ఆ గీత ఇక శాశ్వతం.

గది, బల్ల, చేతులు

పని మొదలుపెట్టే ముందు నేలను చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. ఫ్యాన్ కట్టేసి అరగంట ఆగితే గాలిలో లేచిన దుమ్ము కిందికి దిగుతుంది. బల్ల మీద ప్లాస్టిక్ షీట్ ఉంటే తీసేయండి, స్టాటిక్‌కు అది పుట్టిల్లు. దాని బదులు శుభ్రమైన తెల్ల కాగితం పరుచుకోండి. నైలాన్, పాలిస్టర్ బట్టలు కాకుండా ఉతికిన నూలు బట్టలు వేసుకోండి. కూర్చునే ముందు ఇనుప కిటికీ ఊచనో కుళాయినో ఒకసారి ముట్టుకుంటే ఒంట్లో చేరిన చార్జ్ పోతుంది.

చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తలకు నూనె రాసుకున్న చేతులతో, క్రీమ్ పూసుకున్న చేతులతో ఫిల్మ్ జోలికి వెళ్లొద్దు. వేలిముద్రలోని జిడ్డు, ఉప్పు జెలటిన్‌లోకి దిగి ఏళ్ల తరవాత మచ్చలుగా తేలతాయి. గ్లవ్స్ వేసుకోవాలనుకుంటే పౌడర్ లేని నైట్రైల్ గ్లవ్స్ తీసుకోండి. నూలు గ్లవ్స్ నుంచి పోగులు రాలతాయి, పైగా వేళ్లకు పట్టు తెలియదు. గ్లవ్స్ ఉన్నా లేకపోయినా పట్టుకోవాల్సింది అంచులనే.

ఫిల్మ్‌కు రెండు వైపులుంటాయి. మెరిసేది బేస్, కాస్త మసకగా ఉండేది ఎమల్షన్, బొమ్మ ఉండేది దాని మీదే. ఫిల్మ్ సాధారణంగా ఎమల్షన్ వైపుకే వంగుతుంది. అంచున ఉన్న అంకెలు సరిగ్గా కనిపిస్తున్నాయంటే మీరు బేస్ వైపు నుంచి చూస్తున్నారన్నమాట. ఏది ఏ వైపో తేల్చుకోకుండా బల్ల మీద పెట్టకండి.

కవర్ లోంచి తీసేటప్పుడే జాగ్రత్త

స్టాటిక్ ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ప్లాస్టిక్ కవర్ లోంచి ఫిల్మ్ పట్టీని ఒక్క గుంజు గుంజితే రెండు ప్లాస్టిక్‌లు రాసుకుని చార్జ్ చేరుతుంది. పొడి గాలిలో అయితే చిటచిట చప్పుడు కూడా వినిపిస్తుంది. కవర్ అంచులను రెండు పక్కల నుంచీ వేళ్లతో మెల్లగా నొక్కండి, నోరు తెరుచుకుంటుంది. అలాగే కొద్దిగా వంచి పట్టుకుంటే పట్టీ తనంతట తానే జారి వస్తుంది. రాకపోతే లాగకండి, అతుక్కుపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు కవర్‌ను కత్తెరతో అంచు వెంబడి కోసి విప్పాలి. అప్పటికీ విడవకపోతే అలాగే పక్కన పెట్టి, తెలిసినవాళ్లకు చూపించండి.

బయటికి వచ్చిన పట్టీని లైటు వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే దుమ్ము కనబడుతుంది. రబ్బరు బల్బు బ్లోయర్‌ను ముందు పక్కకు రెండుసార్లు నొక్కి, దాని లోపలి దుమ్ము పోయాక ఫిల్మ్ మీద ఊదండి. నోటితో మాత్రం ఊదొద్దు. కంటికి కనిపించనంత తుంపర చాలు, జెలటిన్ మీద చుక్క మచ్చ పడటానికి. డబ్బాలో వచ్చే గాలి వాడేవాళ్లు డబ్బాను నిటారుగా పట్టుకోవాలి. వంచితే లోపలి ద్రవమే ఫిల్మ్ మీద పడుతుంది.

బ్లోయర్‌కు పోని దుమ్ముకు యాంటీ స్టాటిక్ బ్రష్. మామూలు బ్రష్ దుమ్మును ఒకచోట నుంచి ఇంకోచోటికి తోస్తుంది, రుద్దడం వల్ల చార్జ్ కూడా పెంచుతుంది. యాంటీ స్టాటిక్ బ్రష్‌లో విద్యుత్ పారే సన్నని పోగులు ఉంటాయి, చార్జ్ వాటి గుండా మన చేతిలోకి వెళ్లిపోతుంది. అందుకే దాన్ని వాడేటప్పుడు గ్లవ్స్ లేని చేత్తో పట్టుకోవడం మంచిది. ఒకే దిశలో, బరువు పెట్టకుండా ఒక్కసారి తీస్తే చాలు. కుచ్చును వేళ్లతో ముట్టుకోవద్దు. ఒకసారి వేలి జిడ్డు అంటిందంటే ఆ తరవాత ప్రతి నెగటివ్‌కూ అదే పూస్తుంది.

తడి క్లీనింగ్ గురించి గట్టిగా చెప్పాలి. కళ్లద్దాలు తుడిచే స్ప్రే, గోళ్ల రంగు తీసే ద్రవం, ఇంట్లో అద్దాలకు కొట్టే నీలం నీళ్లు, ఏవీ వద్దు. గోళ్ల రంగు తీసే అసిటోన్ అయితే అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్‌నే కరిగిస్తుంది. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్ కూడా వద్దు, అందులో నీళ్లు కలిసి ఉంటాయి. పాత స్టూడియో నెగటివ్‌లకు ఇంకో ప్రమాదం ఉంది. ఆ రోజుల్లో స్టూడియోల్లో ముఖం మీది ముడతలు, మచ్చలు కనిపించకుండా నెగటివ్ మీదే సన్నని పెన్సిల్‌తో, రంగుతో టచింగ్ చేసేవారు. కాంతికి వంచి చూస్తే బుగ్గల మీద, కళ్ల కింద చిన్న చిన్న గీతలుగా అది కనిపిస్తుంది. క్లీనర్ రాశారంటే ఆ పనితనమంతా గుడ్డకు వచ్చేస్తుంది. అలాంటి నెగటివ్‌కు బ్లోయర్ తప్ప ఇంకేదీ తగలనివ్వకండి.

దేంట్లో పెట్టాలి, ఎక్కడ పెట్టాలి

మెత్తగా ఉండి ప్లాస్టిక్ వాసన గట్టిగా కొట్టే పీవీసీ కవర్లు మార్చేయండి. వాటిలోని నూనె లాంటి పదార్థం ఫిల్మ్‌కు దిగుతుంది. పాలీప్రొపిలీన్, పాలిథిలీన్, పాలిస్టర్ కవర్లు మంచివి. తేమ ఎక్కువ ఉన్న ఊళ్లో ప్లాస్టిక్ కంటే యాసిడ్ లేని కాగితం కవర్లే మేలని నేననుకుంటాను, లోపల తేమ నిలవదు. కవర్ వల్ల ఫొటోలకు హాని ఉందో లేదో చూసే ఫొటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్ పాసైనట్టు ప్యాకెట్ మీద రాసి ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చు. స్టూడియోలు ఇచ్చిన పాత కాగితం సంచుల్లో జిగురు అతుకు మధ్యలో ఉంటుంది, తేమంతా అక్కడే పడుతుంది. వాటిని మార్చేయండి. కానీ వాటి మీద రాసిన పేర్లు, తేదీలు ముందు కొత్త కవర్ మీద ఎక్కించండి. పెన్సిల్‌తోనే రాయండి, ఫిల్మ్ లోపల పెట్టకముందే రాయండి. రబ్బరు బ్యాండ్లు, గుండు సూదులు, సెల్లో టేప్ అన్నీ తీసేయాలి.

అటక మీద పెట్టొద్దు, శ్లాబు వేడి నేరుగా దిగుతుంది. నేల మీదా వద్దు, బయటి గోడకు ఆనించీ వద్దు. ఇనుప బీరువాలో మధ్య అర మంచిది. వంటింటి పోపు పొగ, దేవుడి గదిలో అగరబత్తి పొగ, దోమల కాయిల్ పొగ తగలని గది చూడండి. ఇక కలరా ఉండలు. బట్టల మధ్య వేసినట్టు చాలామంది నెగటివ్‌ల మధ్యా వేస్తారు. దయచేసి వేయకండి, ఆ ఆవిరి ప్లాస్టిక్‌కూ ఫిల్మ్‌కూ మంచిది కాదు. తేమకు సిలికా జెల్ వాడండి, అది కూడా గుడ్డ సంచిలో ఉండాలి. విడిగా పోస్తే దాని పొడే గీతలు పెడుతుంది. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగాయంటే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

పెట్టె తెరవగానే పుల్లటి వెనిగర్ వాసన వస్తే అసిటేట్ ఫిల్మ్ కుళ్లడం మొదలైందని అర్థం. అందులోంచి వచ్చే ఆసిడ్ ఆవిరి పక్కనున్న మంచి ఫిల్మ్‌ను కూడా అదే దారి పట్టిస్తుంది. వాటిని వెంటనే వేరు చేసి, గాలి తగిలే చోట పెట్టి, అన్నిటికంటే ముందు వాటినే స్కాన్ చేయించండి. 1950కి ముందు నాటి నెగటివ్‌లు ఉంటే అంచున సేఫ్టీ అన్న ముద్ర ఉందేమో వెతకండి. లేకపోతే అది నైట్రేట్ ఫిల్మ్ కావచ్చు, తేలిగ్గా అంటుకుంటుంది, ఆర్పడం చాలా కష్టం. దీపం, పొయ్యి దరిదాపుల్లో ఉంచకండి.

గాజు పలకల నెగటివ్‌లు ఉంటే వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పొడవాటి అంచు మీద నిలబెట్టాలి. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ తీసిన గాజు పలకలు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. సరిగ్గా చూసుకుంటే నూరేళ్లు దాటినా నిలుస్తాయి.

స్కాన్ చేయించేవాళ్లకు ఒక విషయం. స్కానర్‌లో ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్మును తీసేసే సదుపాయం కలర్ నెగటివ్‌లకు బాగా పనిచేస్తుంది. వెండితో ఏర్పడిన బ్లాక్ అండ్ వైట్ బొమ్మకు పనిచేయదు, వెండి ఆ కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టి. తాతల నాటి ఇందు, ఆర్వో బ్రాండ్ల బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లు అయితే స్కాన్‌కు ముందే దుమ్ము తీయాల్సిందే.

బూజు, వరద

ఇప్పటికే బూజు పట్టి ఉంటే నీళ్లు తగలనివ్వకండి. బూజు తిన్న జెలటిన్ నీళ్లలో కరిగిపోతుంది. మాస్క్ వేసుకుని, వేరే గదిలో తేమ 50 శాతం కంటే తక్కువ ఉన్న చోట పొడిగా ఆరనిచ్చి, బూజు పొడిగా మారాక ఆరుబయట మెత్తటి బ్రష్‌తో తీయండి. ఆ బ్రష్ ఇంక మంచి నెగటివ్‌లకు వాడొద్దు.

వరదలో తడిసిన, బూజు పట్టని నెగటివ్‌ల సంగతి పూర్తిగా దీనికి ఎదురు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ఇళ్లు మునిగినట్టు ఎప్పుడైనా జరిగితే, తడిసిన నెగటివ్‌లను కట్టగా ఎండనివ్వకండి, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చల్లని శుభ్రమైన నీళ్లలో ఉంచి, నీళ్లలోనే విడదీసి, మట్టి పోయేలా కడిగి, అంచున క్లిప్పు పెట్టి నీడలో ఆరేయండి. ఎమల్షన్‌ను చేత్తో రుద్దొద్దు. ఇదంతా రెండు రోజుల్లో జరగాలి. అంతలో కుదరకపోతే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే, తీరిగ్గా చేసుకునే టైమ్ దొరుకుతుంది.