ఫాల్‌కి వంటింటి ముస్తాబు: కొలంబస్ ప్రాంతానికి కొత్తగా వచ్చినవాళ్ళకి

ఆగస్టులో ఒహాయోలో దిగినవాళ్ళు సెప్టెంబరు చివరికల్లా, అంటే ఫాల్ (ఆకులు రాలే కాలం) మొదలవగానే గమనించే సంగతి ఒకటుంది. ఎదురింటి గుమ్మం ముందు గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు, గడ్డిమోపులు వచ్చేస్తాయి. మన ఇల్లొక్కటే బోసిగా కనిపిస్తుంది. వెంటనే ఏదో పెద్ద దుకాణానికి వెళ్ళి ‘హలో ఫాల్’ అని రాసిన చెక్కబోర్డు, ప్లాస్టిక్ మేపుల్ ఆకుల దండ, నారింజ రంగు కప్పులు తెచ్చేస్తారు. డిసెంబరు వచ్చేసరికి వాటిని ఎక్కడ దాచాలో తెలియదు, అపార్ట్‌మెంట్‌లో ఉన్నదే ఒక్క క్లోజెట్.

నా సలహా ఏమిటంటే, అలంకారానికని విడిగా ఏమీ కొనకండి. వంటింట్లో రోజూ పనికొచ్చే పాత సామాన్లు కొని, వాటినే నలుగురికీ కనిపించేచోట పెట్టండి. పాత చెక్క, ఇనుము, జాడీ, అల్లిన బుట్ట ఉంటే చాలు, పల్లెటూరి వంటింటి కళ దానంతటదే వస్తుంది. పైగా సెంట్రల్ ఒహాయో ఇలాంటి సామాన్లకి పుట్టిల్లు. చుట్టుపక్కల ఊళ్ళలో తయారైనవే ఇక్కడి థ్రిఫ్ట్ స్టోర్ల (వాడిన సామాన్లు చవగ్గా అమ్మే దుకాణాల) అరల్లో దొరుకుతాయి.

ఎక్కడ వెతకాలి

గుడ్‌విల్, సాల్వేషన్ ఆర్మీ దుకాణాలు అందరికీ తెలిసినవే. చాలా థ్రిఫ్ట్ స్టోర్లలో వారానికో రంగు ట్యాగు మీద సగం ధర ఉంటుంది, లోపలికి వెళ్ళగానే ఆ బోర్డు చూడండి. చెక్క అరలు, బల్లలు, క్యాబినెట్ పిడుల్లాంటివి కావాలంటే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే, ఇళ్ళు కట్టించే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ రీస్టోర్ దుకాణం మంచిది. సెప్టెంబరులో కొలంబస్‌కి పడమర ముప్పావు గంట దూరంలో, స్ప్రింగ్‌ఫీల్డ్ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో పాత సామాన్ల పెద్ద సంత జరుగుతుంది. కొనకపోయినా ఒకసారి తిరిగి వస్తే దేని ధర ఎంతో తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చేవి ఎస్టేట్ సేల్స్. ఇంటి పెద్దవాళ్ళు పోయాకో, చిన్న ఇంటికి మారేటప్పుడో సామాను మొత్తం ఆ ఇంట్లోనే అమ్మకానికి పెడతారు. పోయినవాళ్ళ సామాను ఇంట్లోకి తేవడమేమిటని అమ్మ ఫోన్‌లో అనొచ్చు. మీకూ అలాగే అనిపిస్తే వదిలేయండి, ఇంటివాళ్ళే గరాజ్‌లో పాత సామాన్లు పరిచి అమ్మే గరాజ్ సేల్స్ ఉండనే ఉన్నాయి. ఎస్టేట్ సేల్‌లో మాత్రం నేరుగా వంటింట్లోకీ, ఆ తర్వాత బేస్‌మెంట్‌లోకీ వెళ్ళండి. హాల్లో ఉన్న బొమ్మల కోసం వచ్చేవాళ్ళు వేరే ఉంటారు. చివరి రోజు సగం ధరకి ఇవ్వడం మామూలే.

బేరం సంగతి. థ్రిఫ్ట్ స్టోర్లో కుదరదు. గరాజ్ సేల్‌లో ఆడొచ్చు, కానీ సుల్తాన్ బజార్ స్థాయిలో కాదు. మూడు వస్తువులు చేతిలో పట్టుకుని ‘అన్నీ కలిపి పదికి ఇస్తారా’ అని నవ్వుతూ అడిగితే చాలు. నోట్లు చిల్లరగా పెట్టుకెళ్ళండి.

బుట్టతో మొదలుపెట్టండి

లాంగబర్గర్ అనే పేరు ఇక్కడివాళ్ళెవరినడిగినా చెబుతారు. కొలంబస్‌కి తూర్పున డ్రెస్డెన్ అనే చిన్న ఊళ్ళో మేపుల్ చెక్క బద్దలతో చేత్తో అల్లిన బుట్టలవి. ఒకప్పుడు ఇళ్ళల్లో పార్టీలు పెట్టి మంచి ధరకి అమ్మేవారు. ఆ కంపెనీ ఎంత పెరిగిందంటే, 1997లో ఒహాయోలోనే ఉన్న న్యూవర్క్ అనే ఊళ్ళో ఏడంతస్తుల హెడ్డాఫీసునే పిడులతో సహా బుట్ట ఆకారంలో కట్టుకున్నారు. 16వ నంబరు రోడ్డు మీద వెళ్తుంటే ఇప్పటికీ కనిపిస్తుంది. 2018లో కంపెనీ మూతపడింది. ఆనాడు కొని దాచుకున్న ఇళ్ళు ఇప్పుడు ఖాళీ అవుతుంటే బుట్టలన్నీ థ్రిఫ్ట్ స్టోర్లకి చేరుతున్నాయి.

చేతికి దొరికితే ముందు తిరగేసి అడుగు చూడండి. కంపెనీ ముద్ర, దాని పక్కన అల్లినవాళ్ళ పొడి అక్షరాలు, తేదీ ఉంటాయి. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. బేస్‌మెంట్‌లో ముక్కిన వాసన వస్తే ఎంత అందంగా ఉన్నా తిరిగి అరలోనే పెట్టేయండి, ఆ వాసన పోదు. బాగుంటే తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి, నీళ్ళల్లో మాత్రం నానబెట్టొద్దు. ఒకదాంట్లో ఉల్లిపాయలు, ఇంకోదాంట్లో బంగాళాదుంపలు పోసి కౌంటర్ మీద విడివిడిగా పెట్టండి. రెండూ కలిపితే త్వరగా పాడవుతాయి. చిన్న బుట్టలో ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేయండి. ఉల్లిపొర ఎరుపు, మిరపకాయ ముదురు రంగు, వెల్లుల్లి తెలుపు పక్కపక్కన ఉంటే ప్లాస్టిక్ ఆకులెందుకు?

ఇనుము, జాడీ, గాజు

సిడ్నీ అనే ఊరు కూడా ఒహాయోదే, వాగ్నర్ కంపెనీ ఇనుప పెనాలు అక్కడ తయారయ్యేవి. పాతవి కొత్త పెనాల కంటే పలచగా, నున్నగా ఉంటాయి, దోసెకి బ్రహ్మాండం. తుప్పు చూసి భయపడకండి, పగులు చూసి భయపడండి. షాపులోనే సమంగా ఉన్న గాజు అర మీద పెట్టి, అంచు నొక్కి చూడండి. ఊగితేనో గిర్రున తిరిగితేనో మన ఫ్లాట్ ఎలక్ట్రిక్ స్టవ్ మీద అది సరిగా వేడెక్కదు. ఇంటికొచ్చాక తుప్పు రుద్ది, కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, నూనె పలచగా రాసి, మళ్ళీ పొడిగుడ్డతో తుడిచేసి, ఓవెన్‌లో 450 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర గంటసేపు బోర్లించి ఉంచండి. అలా రెండు మూడుసార్లు చేస్తే నలుపు తేలుతుంది. అందులో చింతపండు పులుసు కాయొద్దు, పులుపుకి ఆ పూత పోతుంది. అద్దె ఇంటి గోడకి వేలాడదీసే ఆలోచన కూడా వద్దు, అంటించే హుక్కులు ఆ బరువు ఆపవు. స్టవ్ మీదే ఉంచేయండి, చూడ్డానికి అక్కడే బాగుంటుంది.

ఒహాయోలోనే జేన్స్‌విల్ దగ్గరున్న రోజ్‌విల్, క్రుక్స్‌విల్ ఊళ్ళ మట్టి మంచిది కాబట్టి అక్కడ తరాల తరబడి జాడీలు చేశారు. బూడిదరంగులోనో మీగడరంగులోనో ఉన్న పెద్ద జాడీ కనిపించగానే మనకి తట్టేది ఒక్కటే, ఆవకాయ. దయచేసి పెట్టొద్దు. పాత జాడీల పూతలో సీసం ఉందో లేదో చూసి చెప్పలేం. ఉప్పు, పులుపు నెలల తరబడి నిలవుంటే సీసం ఊరగాయలోకి దిగుతుంది. ఇంట్లో చేసుకునే టెస్ట్ కిట్లని కూడా అంత నమ్మడానికి లేదు. ఆ జాడీలో గరిటెలు, అప్పడాల కర్ర, కవ్వం నిలబెట్టండి. చాలా బాగుంటుంది, ప్రమాదమూ లేదు. రంగు పెచ్చులూడుతున్న పాత చెక్కబల్లలదీ ఇదే కథ. ఆ పెచ్చులే ఫ్యాషనని అమ్ముతారు. ఇళ్ళకి వేసే సీసం రంగుల్ని అమెరికాలో నిషేధించింది 1978లో. అంతకు ముందు వేసిన రంగైతే, అందులోనూ ఇంట్లో పాకే పిల్లలుంటే, ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

గాజు సామాను విషయంలో అంత టెన్షన్ లేదు. బాల్ కంపెనీ పాత సీసాలు, ముఖ్యంగా లేత నీలం రంగువి, దొరికితే అంచు చుట్టూ వేలు మెల్లగా తిప్పి పెచ్చులేదని చూసుకుని కొనండి. కందిపప్పు, ఎర్రపప్పు, పెసలు, రాజ్మా, ధనియాలు పోసి కిటికీ పక్కన కాకుండా, ఎండ తగలని అర మీద వరసగా పెట్టండి. బయట చెట్లకున్న రంగులన్నీ ఆ వరసలో ఉంటాయి. ఒహాయోలోని లాంకాస్టర్ ఊళ్ళో ఆంకర్ హాకింగ్ కంపెనీవాళ్ళు చేసిన ఫైర్‌కింగ్ పాలపచ్చ గాజు కప్పులు కూడా ముచ్చటగా ఉంటాయి కానీ వాటి విలువ ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది, చవగ్గా దొరకడం కష్టం.

ఇంకొకటి కూడా చూస్తారు. థ్రిఫ్ట్ స్టోర్ మూల అరలో ఇత్తడి చెంబులు, గంటలు, చిన్న కుండీలు. తిప్పి చూస్తే ‘మేడ్ ఇన్ ఇండియా’. మన దగ్గర ఇత్తడి కొట్లో తూకమేసి అమ్మేదాన్ని ఇక్కడ మూడు డాలర్లకి ఇస్తుంటే వదలబుద్ధి కాదు. తెచ్చుకోండి, కానీ పూలకే. లోపల కళాయి ఉండదు, పైన మెరుపు కోసం లక్క పూత వేసి ఉంటారు.

పురుగులు, పోపు

ఇక్కడివాళ్ళు రాసే సలహాల్లో కనిపించనిది ఇదే. రంగురంగుల ఎండు మొక్కజొన్న కంకుల్ని వంటింట్లో వేలాడదీస్తారు కదా, వాటితోపాటు పిండి చిమ్మటలు, ముక్కుపురుగులు కూడా రావొచ్చు. అమెరికన్ వంటింట్లో ఒక సంచీ పిండి ఉంటుందేమో, మన ఇంట్లో ఇరవై పౌండ్ల సోనామసూరి, గోధుమపిండి, రవ్వ, నాలుగు రకాల పప్పులు ఉంటాయి. ఒకసారి పురుగు పట్టిందంటే అన్నీ పారబోయాలి. కంకులు, గోధుమ వెన్నులు ఏవి తెచ్చినా ముందు సంచీలో కట్టి నాలుగైదు రోజులు ఫ్రీజర్లో ఉంచండి. చెక్క కుర్చీ తెస్తే కారెక్కించే ముందే ఫోన్ లైటు వేసి కీళ్ళు, మేకుల రంధ్రాలు చూడండి. నల్లటి చుక్కలుంటే నల్లులు ఉండొచ్చు. కుషన్లున్న కుర్చీలు పాతవి అసలొద్దు. టేబుల్ క్లాత్‌లు, కర్టెన్లు ఇంటికి రాగానే డ్రయ్యర్లో బాగా వేడిమీద తిప్పండి.

ఇక పోపు. మన వంటకి లేచే నూనె ఆవిరి ఎండు పూల దండ మీద పడి, దాని మీద దుమ్ము పేరుకుంటే నెలలో అది జిడ్డు ముద్ద అవుతుంది. పైగా స్టవ్ దగ్గర ఎండుగడ్డి, ఎండాకులు ఉండటం నిప్పుతో చెలగాటం. పొయ్యికి దగ్గర ఇనుము, గాజు, జాడీ లాంటి కడగగలిగేవే ఉండాలి. బుట్టలు, బట్టలు, ఎండినవి ఏవైనా భోజనాల బల్ల వైపుకి.

గుమ్మడికాయలు

ఒహాయోలోని సర్కిల్‌విల్ ఊళ్ళో 1903 నుంచి గుమ్మడికాయల జాతర జరుగుతోంది, అక్టోబరులో మూడో బుధవారం మొదలై శనివారం దాకా. పిల్లలుంటే తప్పక వెళ్ళండి. కొనేటప్పుడు తేడా తెలుసుకోండి. మొహాలు చెక్కే పెద్ద కాయల్లో రుచి ఉండదు, నీరెక్కువ. వండుకునే రకాలైన చిన్న పై పంప్‌కిన్, బటర్‌నట్ తెచ్చుకుంటే చూడ్డానికీ ఉంటాయి, పులుసుకీ, దప్పళానికీ వస్తాయి. బొడిపెలతో, చారలతో ఉండే చిన్న అలంకారపు కాయల్ని మాత్రం కూర చేయకండి. చేదుగా ఉంటే అది కడుపుని పాడుచేసే చేదు. కాయని తొడిమ పట్టుకుని ఎత్తొద్దు, ఊడిందంటే అక్కడి నుంచే కుళ్ళుతుంది. కింద ఒక అట్టముక్క వేస్తే బల్ల మీద మరక పడదు. చెక్కని కాయ చల్లటిచోట రెండు నెలలు ఆగుతుంది, చెక్కింది వారం ఆగితే గొప్ప.

ఇదే రోజుల్లో కిరాణా స్టోర్ల ముందు చామంతి కుండీలు బారులు తీరి ఉంటాయి. బతుకమ్మ పేర్చేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? బంతిపూలు పెరట్లో ఉంటే మొదటి ఫ్రాస్ట్ (గడ్డకట్టే మంచు) పడకముందే కోసేయండి, అక్టోబరు మధ్య నుంచి ఏ రాత్రయినా పడొచ్చు. బొమ్మల కొలువు పెట్టేవాళ్ళకి పాత యాపిల్ పెట్టెలు మూడు బోర్లిస్తే మెట్లు తయారు, దసరా అయ్యాక అవే వంటింట్లో అరలవుతాయి.

థ్యాంక్స్‌గివింగ్ అయ్యేదాకా గుమ్మడికాయలు ఉంచొచ్చు. తర్వాత వండుకునేవి వండుకుని, మిగతావి ప్లాస్టిక్ సంచీలో చెత్తకి వేయకుండా, మీ ఊరి కంపోస్ట్ సెంటర్ తీసుకుంటుందేమో కనుక్కోండి. చుట్టుపక్కల కొన్ని ఫారాలు మేకలకీ, పందులకీ తీసుకుంటాయి, రంగులేసినవైతే తీసుకోవు. బుట్టలు, పెనం, సీసాలు ఎక్కడివక్కడే ఉంటాయి.